పిస్సారో ఎర్ర ఇంటికప్పుల బొమ్మ వేస్తుంటే అంతా బురదైతున్నది

పరకాల_పెంకుటిల్లు
మూడు వారాల సంది ఒక్క బొమ్మ మీదనే కూసున్న. ఫ్రాన్స్ పెయింటర్ పిస్సారో 1877ల వేసిన ఎర్ర ఇంటికప్పుల ఊరు. అసలుది ప్యారిస్‌ల ఓర్సే మ్యూజియంల ఉన్నది. ముందర ఆకులు రాలిన పండ్ల చెట్లు, కొమ్మల సందుల నుంచి ఎర్ర కప్పుల ఇండ్లు, ఎనుక గుట్ట, మీద ఇంత ఆకాశం ముక్క. చూడంగనే మా అమ్మమ్మ ఊరు యాదికొచ్చింది. అక్కడ గూన పెంకుల ఇల్లు, ముందట యాప చెట్టు. గందుకే ఈ బొమ్మ పట్టుకున్న.

నీటి రంగులు, ఆక్రిలిక్ ఇదివరకు వేసిన. ఆయిల్ ఇదే మొదలు. 20 ఇంచుల వెడల్పు, 16 ఇంచుల ఎత్తు కాన్వాస్ బోర్డు, 12 ట్యూబుల డబ్బా, రెండు హాగ్ (పంది వెంట్రుకల) బ్రష్షులు, అవిసె నూనె, టర్పెంటైన్ తెచ్చుకున్న. మొదటి రోజు కప్పులు మంచిగనే పడ్డయి. తెల్లారి కొమ్మలు గీసుడు మొదలుపెట్టిన. బ్రష్షు ఎక్కడ ఆనితే అక్కడ కింది ఎరుపు లేసొచ్చి కొమ్మల కలిసింది. కొమ్మలు గులాబి రంగైనయి. సరిచేద్దామని తెలుపు కలిపితే బూడిద, దాని మీద నలుపు కలిపితే బురద. ఇప్పుడు బోర్డు మొత్తం వాన పడ్డ అంగడి లెక్క ఉన్నది.

ఇంకో మాట. ఆదివారం బొమ్మలు నేర్పే ఒకాయన దగ్గరికి తీసుకపోయి చూపిచ్చిన. "ఇంకొకడు వేసింది చూసి వేసుడు దొంగతనం, నీ ఊరు నువ్వు వేసుకో పో" అన్నడు. అప్పటి సంది బ్రష్షు పట్టబుద్ధి అయితలేదు. కాపీ చేసుడు నిజంగ తప్పా? కాకపోతే ఈ బురదల నుంచి ఎట్ల బయటపడాలె?

ఖని_నైట్‌షిఫ్ట్
తడి మీద తడి వేసినవు తమ్మి. ఆయిల్ ఒక్క రాత్రిల ఆరదు. నీ చెయ్యి ఇంకా ఆక్రిలిక్ లెక్కనే నడుస్తున్నది.

డ్రాయింగ్_మాస్టారు
పైన చెప్పింది సరైన మాట. ఆక్రిలిక్‌లో నీళ్లు ఆవిరైపోతే రంగు ఆరుతుంది. అవిసె నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. దానికి రోజులు పడుతుంది, రంగును బట్టి కూడా మారుతుంది. అంబర్ లాంటి మట్టి రంగులు రెండు మూడు రోజులకే చేతికి అంటకుండా అవుతాయి. కాడ్మియం ఎరుపు, అలిజరిన్ వారం దాటినా జిగటగానే ఉంటాయి. మీరు కప్పులకు పెట్టింది ఆ ఎరుపులే అయి ఉంటాయి.

బోర్డు పారెయ్యకండి. బురదైన చోట ప్యాలెట్ నైఫ్‌ను పక్కకు వాల్చి మెల్లగా గీకండి. తర్వాత పాత నూలు గుడ్డతో తుడవండి. కింద పల్చటి మరక మిగులుతుంది. అది మీకు పనికొచ్చే మరక, రేపటి పొరకు అదే దారి చూపిస్తుంది. వారం రోజులు గోడవైపు తిప్పి పెట్టండి. ఆ తర్వాతే కొమ్మలు.

ఇంకొకటి గమనించాను. అసలు బొమ్మ 65.6 సెంటీమీటర్ల వెడల్పు, 54.5 ఎత్తు. మీ బోర్డు లెక్కన ఎత్తు 16 ఇంచులకు సరిపెడితే వెడల్పు 19 ఇంచుల పావు రావాలి. మీరు 20 ఇంచులకు సాగదీశారంటే ఇళ్లన్నీ కొంచెం లావెక్కి ఉంటాయి. ఒక పక్క ముప్పావు ఇంచు టేపు అంటించి వదిలేయండి.

పరకాల_పెంకుటిల్లు
సాగదీసిన సార్! నడిమి ఇల్లు కోళ్ల షెడ్డు లెక్క ఎందుకు కనిపిస్తున్నదా అని వారం నుంచి చూస్తున్న. ఇప్పుడు సమజైంది.

కోట_మట్టిగోడ
బురద సంగతి సరే. ఆ ఆదివారం సార్ అన్నదాంట్ల మాత్రం నాకు తప్పు కనిపించలె. చలి దేశం ఊరు మనకెందుకు? ఆ చెట్టు ఏం చెట్టో తెల్వది, ఆ గుట్ట మీద ఏం పంట వేస్తరో తెల్వది. పాకాల చెరువు పక్కన ఒక్క పొద్దు కూసుంటే వంద బొమ్మలు దొరుకుతయి. తెల్వని ఊరును ఎంత దిద్దినా అది దిద్దుడే.

నీలికొంగు
అట్లయితే పిస్సారో దోస్తు, పెయింటర్ సెజాన్‌ను కూడ దొంగ అనాలె. పిస్సారో లూవెసియెన్ ఊరి బొమ్మ 1871ల వేసిండు. సెజాన్ దాన్ని అడిగి తీసుకపోయి 1872ల అచ్చంగ కాపీ చేసిండు. ఆ తర్వాత ఇద్దరు పాంత్వాజ్ దగ్గర పక్కపక్కన ఈజిల్ పెట్టుకొని ఒకటే తావును వేసిన్రు. ఆ కాపీ చేసినాయన రంగు మారింది, చెయ్యి మారింది, అంతకు ముందటి నల్లటి బరువు బొమ్మలు తేలికైనయి. కాపీ తోటి ఆయన పిస్సారో కాలె, సెజాన్ అయిండు.

కాజీపేట_జంక్షన్
వాన్ గో కూడ. ఆసుపత్రిల ఉన్నప్పుడు, రైతుల బొమ్మలు వేసిన మిల్లే బొమ్మల్ని 20కి పైన కాపీ చేసిండు, 1889, 90లల్ల. ఆయన ముందర ఉన్నవి నలుపు తెలుపు అచ్చులు. రంగులన్నీ ఆయనే ఊహించి పెట్టుకున్నడు.

కోట_మట్టిగోడ
పెద్దోళ్ల పేర్లు చెప్తే నా మాట కొట్టుకపోదు. వాళ్లు కాపీ చేసిన బొమ్మలు వాళ్ల దేశంలవి, వాళ్ల చేన్లవి.

డ్రాయింగ్_మాస్టారు
వాళ్ల చేన్లే. అయినా కాపీతో వాళ్లు నేర్చుకున్నది చెట్టు పేరో పంట పేరో కాదు. ఎదుటివాడు ఎక్కడ ఆగాడు, ఎక్కడ వదిలేశాడు అన్నది. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు డ్రాయింగ్ చెప్పాను. ఆరుబయట కూర్చోబెడితే కొత్తవాళ్లు ప్రతి ఆకూ వెయ్యాలని చూస్తారు. ప్రకృతి వాళ్లకు ఏది వద్దో చెప్పదు. పిస్సారో చెప్తాడు. ఆ బొమ్మలో కిటికీ అంటే ఒక్క ముదురు చుక్క, అంతకు మించి లేదు. ఒక ఇంటిని ఎంత తక్కువతో నిలబెట్టొచ్చో అక్కడ చూసుకున్న పిల్లవాడు తన ఊరికి వెళ్లి కూర్చుంటే చెయ్యి తడబడదు.

చేర్యాల_కోడలు
ఈ దొంగతనం మాట నాకు ఎక్కడో తగిలింది. నేను పెండ్లయి చేర్యాల వచ్చినంక నకాశి పని, అంటే బట్ట మీద పటాలు వేసుడు, నేర్చుకున్న. మొదటి ఆర్నెల్లు నన్ను గీత గీయనియ్యలె. గీసిన బొమ్మల రంగు నింపుడే. ఆ తర్వాత పాత పటం ముందర పెట్టి అదే ముక్కు, అదే కన్ను, అదే చెయ్యి వంపు. వంద సార్లు. కన్ను ఆఖరుకు పెడ్తరు, అది తప్పితే మనిషే మారిపోతడు. మాకు చూసి వేసుడే బడి. తాత గీత మనుమడికి అట్లనే వచ్చింది, అయినా ఎవరి పటం ఎవరిదో మా వాడకట్టుల చిన్న పిల్లలు కూడ చెప్తరు.

కోట అన్నా, నువ్వు మన ఊరు మన ఊరు అంటున్నవు. మన ఊర్ల బొమ్మ నేర్చుకునే పద్ధతే ఇది.

కోట_మట్టిగోడ
అక్కా, ఈ మాట ఒప్పుకుంట. పటం సంగతి నాకు తట్టలె. ఆయన కాపీ చేసుకోనియ్యి, కాని కాపీ దగ్గర ఆగద్దు అనేది నా మాట.

పరకాల_పెంకుటిల్లు
ఆగను అన్నా. అసలు సంగతి మీకు చెప్పలె. అమ్మమ్మ ఇంటిని సంక్రాంతి పోయినంక విప్పుతరు. మామయ్య స్లాబ్ వేస్తున్నడు. ఆమెకు 80 దాటినయి, వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టుకుంటది, కోతులు పెంకులు కదిలిస్తయి, సర్ది ఇచ్చేటోళ్లు దొరుకుతలేరు. మామయ్యను తప్పు పట్టలేను. ఆ లోపు ఆ కప్పును నేను నిలబడి వెయ్యాలె. ఇప్పటికిప్పుడు పోయి వేస్తే పాడు చేస్తనని భయం. ఆ ఇల్లు రెండోసారి దొరకదు. గందుకే ముందు ఈ ఎర్ర కప్పుల మీద చెయ్యి సాపు చేసుకుందామని కూసున్న.

ఖని_నైట్‌షిఫ్ట్
గిది ముందు చెప్పాలె గద తమ్మి.

నీలికొంగు
రెండు నెలలున్నయి. మస్తు టైం. ఒక్కొక్కటి చూద్దాం. ముందుగాల నువ్వు దేన్ని చూసి వేస్తున్నవు? ఫోనా, అచ్చా?

పరకాల_పెంకుటిల్లు
ఫోన్ అక్కా. డ్యూటీ నుంచి వచ్చినంక రాత్రి 9 నుంచి 11 దాక.

నీలికొంగు
నీ బురదల సగం అక్కడనే ఉన్నది. నాకు ఇదే అయింది. సిస్లే అనే పెయింటర్ మంచు బొమ్మ, 1878ల వేసిన లూవెసియెన్ సందు, రాత్రి పూట ఫోన్ చూసి వేసిన. రాత్రి కాంగనే ఫోన్ తెర దానంతట అదే పసుపు పచ్చగైతది గద, కండ్లకు మంచిదని పెడ్తరు. దాని తోడు ఇంట్ల పసుపు బల్బు. రాత్రి చూస్తే మంచు వెన్నెల లెక్క కనిపిచ్చింది. పొద్దున కిటికీ కాడికి తీసుకపోతే మంచు మొత్తం నీలం సబ్బు. వారం పని.

ఆ సెట్టింగ్ తీసెయ్యి. లేకుంటే పెద్ద సైజు బొమ్మ దించుకొని మంచి మందం కాగితం మీద ఫోటో స్టూడియోల అచ్చు తీపిచ్చుకో. రంగు కలుపుడు పగటి పూట ఉత్తరం కిటికీ కాడ చెయ్యి, ఆదివారం ఒక్కనాడైనా సరే. రాత్రి పూట గీతలు, నలుపు తెలుపు లెక్కలు చూసుకో.

కాజీపేట_జంక్షన్
నలుపు తెలుపు లెక్క అంటే ఫోన్‌ల బొమ్మను నలుపు తెలుపు చేసి చూడుడు. నీది కూడ ఫోటో తీసి అట్లనే చెయ్యి. రెండు పక్కపక్కన పెట్టు. రంగు తప్పినా ఇల్లు నిలబడతది, నీడ తప్పితే నిలబడది.

పరకాల_పెంకుటిల్లు
ఇప్పుడే చేసి చూసిన. అసలు దాంట్ల ఎండ పడ్డ గోడ తెల్లగ మెరుస్తున్నది, కప్పు నడిమి బూడిద, చెట్లు బాగ ముదురు. నా దాంట్ల గోడ, కప్పు, గుట్ట మూడు ఒక్క తీరుగ ఉన్నయి. ఇన్ని రోజులు రంగు రంగు అని కొట్లాడుకున్న.

చేర్యాల_కోడలు
కప్పు ఎరుపు ఏ ట్యూబుది పెట్టినవు?

పరకాల_పెంకుటిల్లు
స్కార్లెట్ లేక్, ఉన్నది ఉన్నట్టు. నీడ దిక్కు దాంట్లనే నలుపు కలిపిన.

తాటివనం
ఆ నలుపు ట్యూబు తీసి అలమారల పెట్టు. ఈ బొమ్మ అయిపొయ్యేదాక ముట్టకు.

నీకు ఒక పని చెప్త, పావుగంట పట్టది. పెండ్లి కార్డు ఒకటి తీసుకో, ఎనుక తెల్లగ ఉండేది. దాంట్ల పప్పు గింజంత బొక్క పెట్టు. ఆ బొక్కను అచ్చు బొమ్మల కప్పు మీద పెట్టి చూడు. చుట్టూ తెలుపు తప్ప ఇంకేం కనిపించద్దు. అప్పుడు తెలుస్తది అది ఎరుపే కాదని. నేను ఈ బొమ్మకే చేసి చూసిన. ఎండ దిక్కు కప్పు కాలిన ఇటుక రంగు, దాంట్ల ఇంత నారింజ. నీడ దిక్కు ఎండిన నేరేడు పండు రంగు. ఒక కప్పు అయితే ఎరుపే లేదు, నీలం బూడిద. కార్డు తీసెయ్యంగనే అన్నీ మళ్ల ఎర్ర కప్పులైతయి. పక్కన గుట్ట మీది ఆకుపచ్చ ఉన్నది గద, అది వాటిని ఎర్రగ చేస్తున్నది. ఆ కార్డును ఒక్కొక్క కప్పు మీద జరుపుకుంట పోయిన్నాడు నేను అన్నం తినుడు మరిచిన.

పరకాల_పెంకుటిల్లు
ఇంట్ల కార్డులకు కరువు లేదు, కార్తీకం నడుస్తున్నది 🙂 రేపు పొద్దున చేస్త.

డ్రాయింగ్_మాస్టారు
తాటివనం గారి పద్ధతి పిల్లలకు చెప్పదగ్గది. మిశ్రమాల సంగతి నేను చెప్తాను. ఎండ కప్పుకు వెర్మిలియన్ (నారింజ ఎరుపు) ఛాయ, ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు), చిటికెడు తెలుపు. నీడ కప్పుకు అలిజరిన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్ (ముదురు నీలం), కొద్దిగా ఓకర్. చెట్ల మానులకు అల్ట్రామెరీన్‌తో బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ మట్టి రంగు) కలపండి. నలుపు కంటే లోతుగా వస్తుంది, ఎటు కావాలంటే అటు, నీలం వైపో గోధుమ వైపో వంగుతుంది. ఒక ముద్దలో మూడు రంగులు దాటకండి. ప్రతి ముద్దకూ వేరే బ్రష్షు. రెండు బ్రష్షులతో ఆయిల్ కుదరదు, కనీసం ఆరు కావాలి.

తెలుపు దగ్గర ఒక మాట. మీ డబ్బాలో ఉన్నది టైటానియం తెలుపు. అది చిత్రకారుల చేతికి వచ్చింది 20వ శతాబ్దంలోనే. పిస్సారో వాడింది సీసపు తెలుపు, అది దీనంత దూకుడుగా పక్క రంగుల్ని మింగదు. విషం కాబట్టి దాని జోలికి పోకండి. టైటానియం మాత్రం మీరు అనుకున్న దాంట్లో పావు వంతే తీసుకోండి. మీ కొమ్మలు సుద్దలాగా అయింది అందుకే.

తాటివనం
సార్, మూడు రంగుల మాట దగ్గర నేను మీతోని కలవను. పిస్సారో ఒకసారి తన ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీదనే ఊరి బొమ్మ వేసిండు, అంచు వెంబడి రంగు ముద్దలు అట్లనే వదిలిండు. ఆరు రంగులు. అవే ఆరు ఒకదాంట్ల ఒకటి కలిసి చేను, చెట్టు, బండి అన్నీ అయినయి. అన్నిట్ల అన్నీ కొంచెం కొంచెం ఉంటేనే బొమ్మ మొత్తం ఒక్క వెలుతురుల ఉంటది.

డ్రాయింగ్_మాస్టారు
ఆరు రంగులు ప్యాలెట్ మీద ఉండడం వేరు, ఆరూ ఒక ముద్దలో ఉండడం వేరు. ఆయన చేతికి అది తెలుసు. మొదటి బొమ్మ వేసే అబ్బాయికి నేను మూడే చెప్తాను.

తాటివనం
మొదటి బొమ్మకు సరే సార్.

ఖని_నైట్‌షిఫ్ట్
నూనెల సంగతి కూడ ఇక్కడనే చెప్త, ఎవరికన్న పనికొస్తది. నేను మొదలుపెట్టిన్నాడు అవిసె నూనె అయిపోతే ఇంట్ల కొబ్బరినూనె కలిపి వేసిన. లక్నవరం చెరువు, వంతెన, మస్తు కుదిరింది. నాలుగు నెలలైనా ఆరలె. దుమ్ము, దోమలు, మా బిడ్డ వేలిముద్రలు అన్నీ అతుక్కున్నయి. కొబ్బరినూనె, పల్లినూనె గాలికి గట్టిపడయి. అవిసె, అక్రోటు, గసగసాల నూనె గట్టిపడతయి. హార్డువేర్ దుకాణంల కట్టె పాలిష్‌కు అమ్మే ఉడికిచ్చిన అవిసె నూనె కూడ తేవద్దు, అది తొందరగ ఆరుతది కాని బొమ్మను పసుపు పచ్చగ చేస్తది.

కింద టర్పెంటైన్ ఎక్కువ కలిపిన పల్చటి పొర, మీదికి పోయినకొద్ది నూనె ఎక్కువ. ఇది తిరగేస్తే మీది పొర ముందు ఆరి, కింది పొర తర్వాత కదిలి పగుళ్లొస్తయి. చెరువు ఎండినప్పుడు నెర్రెలు వస్తయి చూడు, అచ్చం అట్లనే.

భద్రకాళి_గట్టు
నూనె గుడ్డల సంగతి ఎవ్వరు చెప్తలేరు. దయచేసి వినున్రి. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తది. నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి డబ్బల కుక్కితే ఆ వేడి బయటికి పోదు, దానంతట అదే అంటుకుంటది. పోయిన మే నెలల నేను బాల్కనీల బకెట్టుల పడేసిన. సాయంత్రం వాసనొస్తున్నదని చెయ్యి పెడితే గుడ్డల ముద్ద ఇస్త్రీ పెట్టె లెక్క కాలింది. పక్కనే గ్యాస్ బండ. ఆ రాత్రి నిద్ర పట్టలె. ఇప్పుడు ప్రతి గుడ్డను నీళ్లల్ల ముంచి, దండెం మీద విడివిడిగ ఆరేస్త. పూర్తిగ ఎండి బిగుసుకపోయినంకనే చెత్తల వేస్త. మన ఎండలల్ల ఇది మరిచిపోవద్దు.

కిటికీ తెరిచి పెట్టు. మూసిన అర్రల టర్పెంటైన్ మంచిది కాదు.

పరకాల_పెంకుటిల్లు
గుడ్డలు ఇప్పుడే పోయి చూసిన. కవర్ల కట్టి మంచం కింద ఉన్నయి. తీసి నీళ్లల్ల వేసిన. పెద్ద మాట చెప్పినవు అక్కా.

మంథని_మెట్లు
ఎండల పెడితే జల్ది ఆరుతది గద, నేను డాబా మీద పెడ్త.

భద్రకాళి_గట్టు
బోర్డు వంగుతది, దుమ్ము అతుక్కుంటది. ఇప్పుడు పత్తి ఏరుతున్నరు, గాలిల దూది పోగులు ఎగురుతున్నయి. లోపల, వెలుతురు గాలి తగిలే గోడకు పెట్టు చాలు.

చేర్యాల_కోడలు
చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసిన బట్ట మీద ఆయిల్ వేయొచ్చా అని ఎవరన్న అడుగుతరు, ముందే చెప్తున్న. మా పటానికి పూసే పూత అది. ఒక అట్ట మీద పూసి వేసి చూసిన. నూనెను గుంజేసుకున్నది, రంగు పొడిపొడిగ, మెరుపు లేకుండ నిలబడ్డది. నాకు ఆ మెరుపు లేని తనం నచ్చింది, సున్నం గోడ లెక్క ఉంటది. పిస్సారో లాంటి ఇంప్రెషనిస్టులు కూడ శానా బొమ్మలకు వార్నిష్ వెయ్యలె, మెరుపు వద్దనుకున్నరు. కాని మొదటిసారి వేసేటోళ్లు గెస్సో (రంగు కింద వేసే తెల్లటి పూత) పూసిన బోర్డే తెచ్చుకోన్రి.

పరకాల_పెంకుటిల్లు
మూడు వారాల తర్వాత వస్తున్న. గీకిన, తుడిచిన, గోడకు తిప్పి పెట్టిన. పక్కన ముప్పావు ఇంచు టేపు వేసి ఇండ్లు మళ్ల గీసుకున్న. కార్డు బొక్కల నుంచి చూసుకుంట ఒక్కొక్క కప్పు కలిపిన. తాటివనం అన్న చెప్పిన నేరేడు రంగు నిజంగనే ఉన్నది! రోజుకు రెండు కప్పులకంటె ఎక్కువ వెయ్యలె. నిన్న పొద్దున ఎరుపు ముట్టుకుంటే అంటలె. అప్పుడు కొమ్మలు పెట్టిన, సన్న బ్రష్షుకు రంగు కొంచెమే తీసుకొని కింద నుంచి మీదికి గుంజిన. బ్రష్షు ఎండి అక్కడక్కడ తెగింది. తెగిన కాడ కింది కప్పు కనిపించి కొమ్మ మీద ఎండ పడ్డట్టు అయింది. నేను పెట్టిన ఎండ కాదు అది.

మా నాయన చూసి "గీ ఊరు ఏ మండలం?" అన్నడు.

ఖని_నైట్‌షిఫ్ట్
నాయన మాటను మించిన సర్టిఫికెట్ లేదు 😀

డ్రాయింగ్_మాస్టారు
ఆ తెగిన గీతను దిద్దకండి. ఏ పరిస్థితిలోనూ దిద్దకండి.

కాజీపేట_జంక్షన్
సంతకం సంగతి: నీ పేరు పెట్టుకో, ఎనుక "పిస్సారో 1877 బొమ్మను చూసి" అని, తారీఖు రాయి. ఆయన పేరు ముందర పెట్టద్దు. అట్లయితేనే దొంగతనమైతది. ఆయన 1903లనే పోయిండు, కాపీ హక్కుల అడ్డం ఏం లేదు. లూవ్ర్‌ల కూర్చొని కాపీ చేసేటోళ్లను కూడ అసలు కొలతల వెయ్యనియ్యరు, నీది ఎట్లాగు చిన్నదే.

కోట_మట్టిగోడ
ఇప్పుడు అమ్మమ్మ ఇల్లు. మొకం ఎటు దిక్కు?

పరకాల_పెంకుటిల్లు
తూర్పు మొకం అన్నా. కప్పు రెండు వాలులు, ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు. ముందట వాకిలి, ఈశాన్యంల చేదబాయి, ఆగ్నేయం దిక్కు యాప చెట్టు.

కోట_మట్టిగోడ
పొద్దున్నే ఎదురుగ కూసున్నవనుకో, ఎండ నీ ఈపు ఎనుక నుంచి పోయి ఇంటి మీద సాపుగ పడతది. నీడ కనిపించక ఇల్లు అట్ట ముక్క లెక్క అయితది. చలికాలం పొద్దు ఆగ్నేయం నుంచి వస్తది. నువ్వు ఈశాన్యం మూలకు పో. తూర్పు కప్పు ఎండల ఉంటది, ఉత్తరం గోడ నీడల ఉంటది, మూల గీత ఖచ్చితంగ తెగుతది. బాయి గద్దె పక్కన ఈజిల్ పెట్టు. 7 నుంచి 8:30 దాక నీ టైం. 9 దాటితే ఎండ తెల్లగైతది, పెంకుల రంగు పోతది.

నీలికొంగు
కాపీ వద్దన్న అన్ననే కుర్చీ వేసి జాగ చూపిస్తున్నడు!

కోట_మట్టిగోడ
ఆ పిల్లగాని ఇల్లు అది. జాగ మంచిది దొరకాలె.

తాటివనం
మూడు నాలుగు పొద్దులు పోవాలె, అదే టైంకు. ఒక్కనాడు అయిపోదు. మొదటి పొద్దు పల్చగ నీడలు పెట్టుకో, అంతే. గూన పెంకులు ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంట కూసోకు. పిస్సారో కప్పుల మీద పెంకు ఒక్కటి కూడ గీయలె, బ్రష్షు వాలు తోటే కప్పు వాలు చూపిచ్చిండు. నువ్వు ఇన్నొద్దులు చేసింది గదే గద.

పరకాల_పెంకుటిల్లు
ఈ ఆదివారం పోతున్న. హన్మకొండల పొద్దుగాల మొదటి బస్సు. తడి బోర్డు బస్సుల ఎట్ల తేవాలె? ఆదివారం జనం బాగుంటరు.

ఖని_నైట్‌షిఫ్ట్
ఒకటే సైజు బోర్డులు రెండు తీసుకో. రంగు ఉన్న దిక్కు లోపలికి, ఒకదానికొకటి ఎదురుగ పెట్టు. నాలుగు మూలలకు సీసా బిరడాలు కోసి మధ్యల పెట్టు, బట్టల క్లిప్పులు గట్టిగ బిగిచ్చు. బిరడా ఆనే జాగల అర ఇంచు రంగు పెట్టకుండ వదిలెయ్యి. నేను రామప్ప నుంచి ఇట్లనే రెండు బస్సులు మారి తెచ్చిన, గీత పడలె.

భద్రకాళి_గట్టు
గుడ్డలు నీళ్లల్ల ముంచి పెట్టెటందుకు డబ్బ, నీళ్ల సీసా మరిచిపోకు.

కోట_మట్టిగోడ
నేను కూడ వస్తున్న. పరకాల బస్టాండుల 6:15కు ఉంట. బండి మీద ఊర్లెకు పోదాం, బోర్డులు నడుమ పెట్టుకుందాం.

పరకాల_పెంకుటిల్లు
వస్తే మంచిగుంటది అన్నా. రాత్రి అమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పిన. యాప కొమ్మ ఒకటి కప్పు మీదికి వాలి ఉన్నది, ఇసుక ట్రాక్టర్‌కు అడ్డమైతదని మామయ్య రేపు కొట్టిపిస్త అన్నడట. బొమ్మ అయినదాక కొమ్మ మీద గొడ్డలి పెట్టద్దని ఆమె చెప్పిందట. బాయి కాడ జాగ ఊడ్చి పెడ్త అన్నది.